పిలుపు వినిపిస్తుంది, పిల్లి పలకదు

టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు అత్సుకో సైతో, కజుతాకా షినోజుకా 2013లో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. ఇళ్లలో పెరిగే 20 పిల్లులను ఎంచుకుని, వాటిని పేరు పెట్టి పిలిచే గొంతులను ముందే రికార్డు చేశారు. ఆ గొంతులను పిల్లి ఉన్న ఇంట్లోనే, మనిషి కనపడకుండా వినిపించారు. మొదట వరసగా ముగ్గురు కొత్తవాళ్ల పిలుపులు. తర్వాత పెంచినవాళ్ల పిలుపు. కొత్త గొంతులకు క్రమంగా అలవాటుపడి పట్టించుకోవడం మానేసిన పిల్లులు, తమ మనిషి గొంతు రాగానే మళ్లీ స్పందించాయి. ఆ స్పందన ఎలా ఉందనేదే అసలు విశేషం. చెవి అటు తిరిగింది, తల కాస్త కదిలింది. చాలావాటి విషయంలో అంతకు మించి ఏమీ లేదు. గొంతెత్తినవి, తోక ఆడించినవి కొద్దే.

అంటే పిల్లి తన మనిషి గొంతును గుర్తుపడుతుంది. గుర్తుపట్టినంత మాత్రాన బదులివ్వదు. సొంత ఇంట్లో, ఏ భయమూ లేని వేళలోనే దాని తీరు ఇది. ఇక ఊరుకాని ఊరులా తోచే వీధిలో, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నక్కిన వేళ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంటి గడప దాటని పిల్లి ఎప్పుడో ఒకసారి జారిపోతుంది. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను వెళుతూ తలుపు ఓరగా వదిలేసి ఉంటాడు, లేదా బాల్కనీ వలకు పడిన చిరుగును ఎవరూ చూసి ఉండరు. దీపావళి రాత్రి లక్ష్మీబాంబు మోతకు బెదిరి కిటికీ సందులోంచి దూకేసినా దూకేసి ఉంటుంది. వెంటనే ఇంటిల్లిపాదీ రోడ్డు మీద పడతారు. ఒకరు బండి తీసుకుని కాలనీ చివరిదాకా తిరిగొస్తారు, ఇంకొకరు గొంతు బొంగురుపోయేదాకా పేరు పెట్టి పిలుస్తారు. చీకటి పడేసరికి ‘ఈ చుట్టుపక్కల లేదు, ఉంటే పలికేదే’ అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. వెతుకులాట దెబ్బతినేది ఆ నిర్ణయం దగ్గరే. ఎందుకంటే చాలా సందర్భాల్లో పిల్లి ఉండేది పక్కింటి మెట్ల కింద, ఎదురింటి కారు కింద, సొంత ఇంటి వెనక సందులో. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే అవుతుంది ఆ వెతుకులాట.

ఈ మాటకు ఆధారం ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాకీ రాండ్, ఆమె సహ పరిశోధకులు 2018లో ‘యానిమల్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లి తప్పిపోయిన అనుభవం ఉన్నవాళ్లను ఆన్‌లైన్ ప్రశ్నావళి ద్వారా అడిగి, 1,210 పిల్లుల వివరాలు సేకరించారు. ఎప్పుడు పోయింది, ఎలా వెతికారు, ఎక్కడ దొరికింది, ఎంత దూరంలో దొరికింది అని ఆరా తీశారు. దొరికిన పిల్లుల్లో నూటికి 75 తప్పించుకున్న చోటుకు 500 మీటర్ల లోపే ఉన్నాయి. బయట తిరిగే అలవాటున్న పిల్లులను, ఇంట్లోనే ఉండే పిల్లులను విడదీసి చూస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. బయట తిరిగే పిల్లుల్లో నూటికి 75 దొరికిన దూరం 1,609 మీటర్ల లోపు, అంటే ఒక మైలు. ఇంటిపట్టునే ఉండే పిల్లుల విషయంలో అదే లెక్క 137 మీటర్లకు వచ్చి ఆగింది. వీటిలో సగం పిల్లులైతే 39 మీటర్ల లోపే ఉన్నాయి. మన కాలనీల కొలతలో అది రెండు మూడు ఇళ్ల దూరం.

సమాచారం ఇచ్చినవాళ్లు తమంతట తాము ముందుకొచ్చినవాళ్లే కాబట్టి, ఈ లెక్కలు అన్ని పిల్లులకూ తు.చ. తప్పకుండా వర్తిస్తాయనుకోకూడదు. దొరకని పిల్లులు ఎంత దూరం పోయాయో ఈ అంకెలు చెప్పలేవు కూడా. అయినా అవి చూపే దిక్కు మాత్రం స్పష్టం: వెతకాల్సింది దూరంగా కాదు, దగ్గరగా.

అంత దగ్గర్లో ఉండి కూడా అది ఎందుకు ఇల్లు చేరదు? ఎందుకు అరవదు?

పిల్లి పూర్వీకుల్లోకి వెళితే కొంత జవాబు దొరుకుతుంది. ఇప్పుడు సోఫాల మీద నిద్రపోతున్న పిల్లులన్నీ పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ఎడారి ప్రాంతాల అడవి పిల్లి సంతతేనని 2007లో కార్లోస్ డ్రిస్కాల్ బృందం జన్యు పరీక్షలతో తేల్చింది. ఆ అడవి పిల్లి ఒంటరి వేటగత్తె. ఎలుకలను, పిట్టలను వేటాడుతుంది, తనకంటే పెద్ద జంతువులకు తానే ఎర అవుతుంది కూడా. కుక్కలా మంద అండ దానికి లేదు. ఆపద వస్తే అరిచి సాయం పిలిచినందువల్ల ఒరిగేదేమీ లేదు, తానెక్కడుందో శత్రువుకు తెలియడం తప్ప. అందుకే దానికి తెలిసిన రక్షణ ఒక్కటే: ఇరుకైన చీకటి చోటు చూసుకుని, కదలకుండా, చప్పుడు చేయకుండా ఉండిపోవడం. ఎదిగిన పిల్లులు మనుషులతో మాట్లాడినంతగా తమలో తాము ‘మ్యావ్’ అనుకోవు. ఆ అరుపు ఎక్కువగా మనకోసమే. భయపడ్డ పిల్లి మొట్టమొదట మానేసేది దాన్నే.

భయం శరీరంలో ఏం చేస్తుందన్న విషయం మొదట్లో తెలిసింది కూడా పిల్లుల ద్వారానే. అమెరికాలోని హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే శరీరశాస్త్రవేత్త 19వ శతాబ్దం చివర్లో, ఎక్స్ కిరణాలు వెలుగు చూసిన కొత్తల్లో, పిల్లులకు ఆహారంలో బిస్మత్ లవణం కలిపి పెట్టి, వాటి జీర్ణాశయం కదలికలను గమనించేవాడు. పిల్లి ప్రశాంతంగా ఉన్నంతసేపూ జీర్ణాశయం అలలు అలలుగా కదిలేది. అది బెదిరినా, కోపగించినా ఆ అలలు టక్కున ఆగిపోయేవి. 1911లో ఆయన, డి లా పాస్ అనే సహ పరిశోధకుడు కలిసి ఇంకో సంగతి కనుక్కున్నారు. మొరిగే కుక్క ఎదుట ఉంచిన పిల్లి రక్తంలో అడ్రినలిన్ కనిపించింది. ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసిన రక్తంలో అది లేదు. ఈ ప్రయోగాలన్నిటినీ కలిపి 1915లో కానన్ వెలువరించిన పుస్తకం ‘పోరాడు లేదా పారిపో’ అనే భావనకు పునాది వేసింది.

తప్పిపోయిన పిల్లి విషయంలో కానన్ గమనించినదానికి సూటిగా ఒక ప్రయోజనం ఉంది. జీర్ణాశయం కదలికే ఆగిపోయినప్పుడు ఆకలి వెంటనే పని చేయదు. మొదటి రోజు గుమ్మం ముందు పెట్టిన చేపముక్క ముట్టకుండా అలాగే ఉందంటే పిల్లి దగ్గర్లో లేదని అర్థం కాదు. భయం ఇంకా ఆకలిని మించి ఉందని అర్థం.

దాక్కోవడమనేది పిల్లికి కేవలం తప్పించుకునే ఎత్తు కాదు, తేరుకునే మార్గం కూడా. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక జంతు సంరక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లులను తీసుకుని, పదింటికి దాక్కోవడానికి అట్టపెట్టెలాంటి గూడు ఇచ్చారు, తొమ్మిదింటికి ఇవ్వలేదు. మూడు నాలుగు రోజుల్లోనే తేడా తెలిసింది. గూడు దొరికిన పిల్లులు ముందుగా కుదుటపడ్డాయి. వీధిన పడ్డ ఇంటి పిల్లి తనంతట తాను చేసుకునే వైద్యం కూడా ఇదే. దొరికిన కన్నంలో దూరి, చుట్టూ ఏం జరుగుతోందో వింటూ గంటలు, రోజులు గడుపుతుంది. వినడంలో దానికి లోటు లేదు. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే పిల్లి చెవి 85,000 హెర్ట్జ్ దాకా అందుకుంటుంది. వెతికేవాళ్ల పరుగులు, అరుపులు, బండి హారన్లు అన్నీ దాని చెవిన పడతాయి. కంగారుగా పిలిచే గొంతు, రోజూ అన్నం పెట్టేటప్పుడు పిలిచే గొంతులా ఉండదు మరి.

పైగా గడప అవతల అడుగు పెట్టగానే అది పరాయి రాజ్యం. ఇంట్లో కుర్చీ కాళ్లకు, తలుపు అంచులకు చెంపలు రుద్ది తన వాసన అంటించి పెట్టుకున్న పిల్లికి ఆ వాసన ఉన్నంత మేరే తనది. వీధిలో ఊరి గండుపిల్లులు గోడ గోడకూ తమ ముద్ర వేసి ఉంటాయి. పగలు కుక్కలు, రాత్రి గండుపిల్లులు.

బయట తిరగడం అలవాటైన పిల్లి సంగతి పూర్తిగా వేరు. దానికి తన పేట అంతా కరతలామలకం. రోలాండ్ కేస్ అనే జీవశాస్త్రవేత్త నాయకత్వంలో ఆరు దేశాల్లో 925 పెంపుడు పిల్లుల మెడకు జీపీఎస్ పరికరాలు కట్టి చూసిన అధ్యయనం 2020లో వెలువడింది. అవి తిరిగే మేర సగటున 3.6 హెక్టార్లు, అంటే సుమారు 9 ఎకరాలు. చాలావాటి సమయం ఇంటికి 100 మీటర్ల లోపే గడిచింది. రోజూ అలా తిరిగొచ్చే పిల్లి ఒకపూట రాలేదంటే దానికేదో అడ్డం పడిందని అనుమానించాలి. ఎవరి గోదాములోనో తాళం పడి ఉండవచ్చు, దెబ్బ తగిలి ఉండవచ్చు, ఏ ఆటో ట్రాలీలోనో నిద్రపోయి ఊరు దాటి ఉండవచ్చు. ఇంటి పిల్లి విషయంలో ప్రశ్న అది కాదు. తలుపు తీసి ఉన్న క్షణాన అది ఏ వైపు దూకింది, అటువైపు మొట్టమొదట తగిలే చాటు ఏది అన్నదే ప్రశ్న.

ఈ తేడాను పనిగట్టుకుని పట్టుకున్న మనిషి కాట్ ఆల్బ్రెక్ట్. ఆమె కాలిఫోర్నియాలో పోలీసు అధికారిగా ఉంటూ, మనుషుల జాడ తీసే కుక్కలను నడిపించేది. 1996లో ఆమె బ్లడ్‌హౌండ్ ఏ.జె. అడవిలో తప్పిపోయింది. దాన్ని మరో జాడ తీసే కుక్క సాయంతో కనిపెట్టగలిగారు. తప్పిపోయిన మనుషులను వెతికే పద్ధతులు జంతువులకు ఎందుకు పనికిరావు అన్న ఆలోచన ఆమెకు అక్కడ మొదలైంది. 2001లో ఆమె ‘మిస్సింగ్ పెట్ పార్టనర్‌షిప్’ అనే సంస్థను స్థాపించింది. పిల్లి స్వభావం, అది పోయిన పరిస్థితి చూసి ఎక్కడ దొరుకుతుందో అంచనా కట్టడం ఆమె చేసిన ముఖ్యమైన పని. 2018 అధ్యయనం రచయితల్లో ఆమె కూడా ఒకరు. స్వభావాన్ని బట్టి చోటు మారుతుందన్న మాటకు ఆ అధ్యయనంలో ఒక దాఖలా దొరికింది: మహా కుతూహలం గల పిల్లులు మిగతా పిల్లులకంటే ఎక్కువగా వేరేవాళ్ల ఇళ్లలో దొరికాయి. పిరికివి అలా ఎవరింటికీ వెళ్లవు, మరుగు చూసుకుంటాయి.

వెతుకులాట సొంత ఇంటినుంచే మొదలు కావాలి. బయటికి పోయిందనుకున్న పిల్లి బీరువాలో బట్టల వెనక, వాషింగ్ మెషీన్ డ్రమ్ములో, మంచం పెట్టెలో, అటక మీద దొరకడం మామూలే. 2024 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో గెలీనా అనే ఆరేళ్ల ఇంటి పిల్లి మాయమైంది. అట్టపెట్టెలంటే దానికి ప్రాణం. ఇంటివాళ్లు ఆన్‌లైన్లో కొన్న బూట్లను తిప్పి పంపుతూ టేపు వేసిన పెద్ద పెట్టెలోకి అది ఎప్పుడు దూరిందో ఎవరూ చూడలేదు. ఆరు రోజుల తర్వాత కాలిఫోర్నియాలోని అమెజాన్ గోదాములో పెట్టె తెరిచిన ఉద్యోగులకు పిల్లి కనిపించింది. తిండీ నీళ్లూ లేకపోయినా బతికే ఉంది. దాని చర్మం కింద ఉన్న మైక్రోచిప్‌ను చదివి యజమానులకు కబురు చేశారు.

ఇంట్లో లేదని తేలాక తప్పించుకున్న ద్వారం దగ్గర నిలబడి, పిల్లి ఎత్తుకు వంగి చూడాలి. పిల్లులు నడిరోడ్డు మీద పరుగెత్తవు. గోడ వారగా, కంచె అంచున, మొదటి చాటు దొరికేదాకా పోతాయి. ఆ దారి పట్టుకుని పూలకుండీల వెనక, మెట్ల కింద, సంపు మూత పక్కన, ఇటుకల గుట్ట సందుల్లో, కర్రల దొంతుల్లో, కార్ల ఇంజన్ల కింద ఒక్కో చోటూ కళ్లారా చూడాలి. ‘మీ ఇంటికేమైనా వచ్చిందా అండీ’ అని గేటు బయట నిలబడి అడిగితే ‘రాలేదమ్మా’ అన్న జవాబే వస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, చూసి ఉండరంతే. పెరట్లోకి వచ్చి స్వయంగా చూసుకోవడానికి అనుమతి అడగాలి. 2018 అధ్యయనం కూడా ఇలా ఒళ్లు వంచి వెతికినవాళ్లకు పిల్లి ప్రాణాలతో దొరికే అవకాశం పెరుగుతుందనే సూచించింది. మొదటి వారంలోనే ఆ పని గట్టిగా చేయాలని సలహా ఇచ్చింది.

అపార్ట్‌మెంట్లలో దూరాన్ని నిలువునా కూడా కొలవాలి. ఫ్లాట్ తలుపులోంచి బయటపడిన పిల్లి మెట్ల మీద పైకీ పోవచ్చు, కిందికీ పోవచ్చు. అన్ని అంతస్తులూ ఒకేలా ఉంటాయి, అన్ని తలుపులూ మూసే ఉంటాయి. టెర్రస్ మీద నీళ్ల ట్యాంకుల వెనక, లిఫ్టు గది పక్కన, మీటర్ల గదిలో, సెల్లార్లో జనరేటర్ చుట్టూ, పైపులు దిగే డక్టులో చూడాలి. బాల్కనీ నుంచి పడిందన్న అనుమానం ఉంటే కింద సరిగ్గా ఆ గోడ వారనే మొదలుపెట్టాలి. ఎత్తునుంచి పడితే పిల్లి బతకదనుకుని ఊరుకోవడం పొరపాటు. న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్ వైద్యులు మేడల మీదనుంచి పడి తమ దగ్గరకు వచ్చిన 132 పిల్లుల వివరాలు 1987లో ప్రచురించారు. అవి సగటున ఐదున్నర అంతస్తుల ఎత్తునుంచి పడ్డాయి. వాటిలో నూటికి 90 బతికాయి. పడగానే చనిపోయినవాటిని ఎవరూ ఆసుపత్రికి తేరు కాబట్టి అసలు నిష్పత్తి కొంత తక్కువే ఉంటుంది. కానీ పడిన పిల్లి దవడ పగిలో, ఛాతీకి దెబ్బ తగిలో, ఆ నొప్పితోనే ఈడ్చుకుంటూ పోయి దగ్గర్లో దాక్కుని ఉండే అవకాశం బాగా ఉంది. దానికి ప్రతి గంటా విలువైనదే.

పగలు ఒకసారి వెతికిన చోటును రాత్రి మళ్లీ వెతకడం వృథా కాదు. పిల్లి కంటిలో రెటీనా వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. అది మసక వెలుతురును వెనక్కి తిప్పి కంటికి రెండోసారి అందిస్తుంది. టార్చిలైటును మన కంటి ఎత్తులో, తల పక్కన పట్టుకుని చూస్తే ఆ పొర పచ్చగా, పసుపుగా మెరుస్తుంది. పగలు నల్లని నీడలో కలిసిపోయిన పిల్లి అర్ధరాత్రి రెండు మెరుపు చుక్కలుగా పట్టుబడుతుంది. వీధి సద్దుమణిగి, బళ్లు, కుక్కల గొడవ తగ్గిన వేళ, తప్పించుకున్న చోటికి దగ్గర్లో నేల మీద కూర్చుని, ఇంట్లో మాట్లాడే గొంతుతో నెమ్మదిగా మాట్లాడటం, రోజూ తిండి వేసే డబ్బాను ఆడించడం చాలామందికి పనిచేశాయి. పిలిచి వెంటనే వెళ్లిపోకూడదు. పిల్లి కదలాలని తీర్మానించుకోవడానికి సమయం పడుతుంది.

ఎరకు వాసన ఎక్కువున్న తిండి కావాలి. మన దగ్గర ఎండు మెత్తళ్లను మించినది లేదు. చిక్కేమిటంటే ఆ వాసనకు పేటలోని పిల్లులన్నీ వస్తాయి. పొద్దున గిన్నె ఖాళీగా ఉంటే తిన్నదెవరో తెలియదు. అందుకే కదలిక పసిగట్టి ఫొటో తీసే కెమెరాను, లేదా ఆ చోటు కనిపించే సీసీ కెమెరా రికార్డును చూసుకోవడం మేలు. కెమెరాలో మన పిల్లే కనిపించిందా, అప్పుడు బోను పెట్టవచ్చు. లోపల తొక్కుడు పలక ఉండి, కాలు పెట్టగానే తలుపు పడే, ప్రాణహాని చేయని బోనులు కొన్ని జంతు సంరక్షణ సంస్థల దగ్గర ఉంటాయి. బోను పెట్టి వదిలేయకూడదు, మాటిమాటికీ చూసుకోవాలి. ఎండలో ఇనుప బోను ప్రాణాంతకం. పిల్లి పడగానే దాని మీద దుప్పటి కప్పితే చీకట్లో కాస్త స్థిమితపడుతుంది. పిల్లి మలమూత్రాల ట్రేను గుమ్మం బయట పెడితే ఆ వాసన పట్టుకుని వస్తుందన్న సలహా బాగా ప్రచారంలో ఉంది. కానీ అదే వాసన పేట గండుపిల్లులను పిలిచి, దాక్కున్నదాన్ని మరింత లోపలికి తరుముతుందన్న అభ్యంతరమూ ఉంది. దానికి బదులు అది పడుకునే గుడ్డను, మనం విడిచిన బనీనును బయట ఉంచితే అంత ప్రమాదం లేదు.

కంటపడగానే చెయ్యి చాచి పట్టుకోబోవడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. ఆ స్థితిలో పిల్లి తన మనిషిని కూడా రక్కుతుంది, కరుస్తుంది. ఇంకా దూరం పారిపోతుంది. మన దేశంలో రేబిస్ ఉంది కాబట్టి ఏ చిన్న గీత పడినా తేలిగ్గా తీసుకోకూడదు. ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలపాటు కడిగి, వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లి టీకా గురించి అడగాలి. వీధిలో అంటించే కాగితాల మీద, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టే ఫొటో కింద ‘పట్టుకోవద్దు, వెంటపడొద్దు, ఫొటో తీసి ఫోన్ చేయండి’ అన్న ముక్క తప్పక ఉండాలి. వాచ్‌మన్, పాలవాళ్లు, చెత్తబండి వాళ్లు, తెల్లవారుజామున ముగ్గు వేసే ఆడవాళ్లు చూసేవన్నీ మిగతావాళ్లకు కనిపించవు. ముందు చెప్పాల్సింది వాళ్లకే.

ఎన్నాళ్లు వెతకాలి? 2018 అధ్యయనంలో మొత్తం పిల్లుల్లో మూడో వంతు వారం లోపే దొరికాయి. ఏడాది గడిచేసరికి దొరికినవి నూటికి 61. 90 రోజులు దాటాక ప్రాణాలతో దొరికినవి కొద్దే. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డేటన్ ప్రాంతంలో లిండా లార్డ్ బృందం 138 తప్పిపోయిన పిల్లులపై చేసిన మరో అధ్యయనం 2007లో వచ్చింది. అందులో నూటికి 53 దొరికాయి. దొరికినవాటిలో మూడింట రెండు వంతులు వాటంతట అవే తిరిగొచ్చాయి. ఈ చివరి అంకె చూసి ‘అదే వస్తుందిలే’ అని చేతులు ముడుచుకోవడం ఇంటి పిల్లి విషయంలో ప్రమాదం. బయట తిరిగే పిల్లికి తన గుమ్మం బయటినుంచి ఎలా ఉంటుందో తెలుసు. లోపలే పెరిగిన పిల్లికి తన ఇంటి ముఖం తెలియదు. అది తిరిగి రాగలిగేది వెళ్లిన దారి తెరిచి ఉన్నప్పుడే. అందుకే వీలున్నచోట రాత్రిపూట ఆ కిటికీనో తలుపునో ఓరగా తెరిచి, ఎవరో ఒకరు మేలుకుని ఉండటం పాత చిట్కా అయినా పనికొచ్చే చిట్కా.

దూరంగా ఎవరికో దొరికిన పిల్లిని ఇంటికి చేర్చేది దాని ఒంటి మీది గుర్తే. డేటన్ అధ్యయనంలో తప్పిపోయేనాటికి ఏదో ఒక గుర్తింపు ఉన్న పిల్లులు నూటికి 19 మాత్రమే. బియ్యపు గింజంత మైక్రోచిప్‌లో బ్యాటరీ ఉండదు, అది ఎక్కడుందో చెప్పదు. స్కానర్ దగ్గర పెడితే 15 అంకెల సంఖ్య ఒకటి చూపిస్తుంది, అంతే. ఆ అంతే ఎంత మార్పు తెస్తుందో లార్డ్ బృందమే 2009లో లెక్కగట్టింది. అమెరికాలోని 53 జంతు సంరక్షణ కేంద్రాల్లో చూస్తే, దారితప్పి వచ్చిన మొత్తం పిల్లుల్లో యజమానిని చేరినవి నూటికి రెండు కూడా లేవు. చిప్ ఉన్నవాటిలో చేరినవి 38.5 శాతం. చిప్ ఉన్న మిగతా జంతువుల యజమానులు దొరకకపోవడానికి ముఖ్య కారణం చిప్‌తో నమోదైన ఫోన్ నంబరు తప్పు కావడం లేదా పనిచేయకపోవడం. మన నగరాల్లో పశువైద్యులు చిప్ వేస్తున్నారు. కానీ వీధిలో పిల్లిని చూసినవాళ్ల చేతిలో స్కానర్ ఉండదు కాబట్టి, మెడపట్టీ మీద ఫోన్ నంబరు కూడా ఉండాలి. అది దేనికైనా చిక్కుకుంటే దానంతట అదే ఊడిపోయే రకం అయితే మంచిది. మెడపట్టీని పిల్లులు ఉంచుకోవన్నది అపోహ. 538 పిల్లులతో చేసిన పరీక్షలో ఆరు నెలల తర్వాత కూడా నూటికి 73 పట్టీతోనే ఉన్నాయి.

దగ్గరే వెతకాలన్న సూత్రాన్ని ధిక్కరించే పిల్లులూ లేకపోలేదు. 2012 నవంబరులో అమెరికాలోని ఫ్లోరిడాలో హోలీ అనే నాలుగేళ్ల ఇంటి పిల్లి డేటోనా బీచ్ దగ్గర బస చేసిన వాహనంలోంచి దూకేసింది. రోజుల తరబడి వెతికినా దొరకలేదు. దాదాపు రెండు నెలల తర్వాత, కొత్త సంవత్సరం ముందురోజు, సుమారు 200 మైళ్ల దూరంలోని వెస్ట్ పామ్ బీచ్‌లో, సొంత ఇంటికి మైలు దూరంలో ఒకరి పెరట్లో తేలింది. చిక్కి సగమైంది, వెనక కాళ్ల గోళ్లు అరిగిపోయాయి, పాదాలనుంచి రక్తం కారుతోంది. అది హోలీయేనని మైక్రోచిప్ రుజువు చేసింది. అంత దూరం దారి ఎలా పట్టుకుందో శాస్త్రవేత్తలు తేల్చలేకపోయారు. 1922లోనే ఫ్రాన్సిస్ హెరిక్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త పిల్లలున్న తల్లి పిల్లిని కొన్ని మైళ్ల దూరంలో వదిలి చూస్తే అది మళ్లీ మళ్లీ ఇల్లు చేరింది. కొన్ని మైళ్లకూ 200 మైళ్లకూ మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చే వివరణ ఇంకా రాలేదు. హోలీ కథ పత్రికలకెక్కింది అది అరుదు కాబట్టే. పక్కింటి మెట్ల కింద దొరికిన వేల పిల్లుల గురించి ఎవరూ వార్త రాయరు.

పిల్లి చేతికి చిక్కాక పని కొంత మిగిలి ఉంటుంది. కొన్ని రోజులు తిండి లేని పిల్లి శరీరం ఒంట్లోని కొవ్వును కరిగించడం మొదలుపెడుతుంది. ఆ కొవ్వంతా వచ్చి కాలేయంలో పేరుకుంటుంది. బొద్దుగా పెరిగిన ఇంటి పిల్లులకే ఈ ముప్పు ఎక్కువ. కాబట్టి పైకి బాగానే కనిపించినా పశువైద్యుడికి చూపించాలి, తిండి కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. ఇంట్లో రెండో పిల్లి ఉంటే ఇంకో తలనొప్పి. వీధి వాసనతో, ఆసుపత్రి వాసనతో తిరిగొచ్చిన తోటి పిల్లిని అది గుర్తుపట్టకపోవచ్చు, బుసకొట్టి మీదపడవచ్చు. పశువైద్యులు చెప్పే మందు సులువే: కొన్నాళ్లు వేర్వేరు గదుల్లో ఉంచి, ఒకదాని పడక గుడ్డను ఇంకొకదాని దగ్గర వేస్తూ, రెండింటి వాసనా మళ్లీ ఒకటయ్యేదాకా తలుపు మూసి ఉంచడం.